ఎడమ పక్కనుంచి వచ్చిన పడవ

జకరయ్య చుక్కాని దగ్గర కూర్చుంటాడు. అతని భార్య సువర్ణ పడవ ముక్కు మీద గెడ పట్టుకుని కూర్చుంటుంది. గెడతో చెక్క మీద ఒక దెబ్బ కొడితే పడవని ఎడమకి తిప్పాలి. రెండు దెబ్బలైతే కుడికి. బరబరా గీరితే ఉన్నదున్నట్టు పట్టుకోవాలి.

పాలకాయతిప్ప కాలవలో ఈ సంగతి ఎవరికీ తెలియదు. ఆవిడ లోతు చూస్తోందనుకుంటారు. రెండేళ్ళుగా అలాగే అనుకుంటున్నారు. అనుకోనివ్వడం జకరయ్యకి ఇష్టం.

మంగళవారం పొద్దున ఇంజను పడవలో ఎదురొచ్చిన పిచ్చేశ్వరరావు దగ్గరికి రాగానే వేగం తగ్గించాడు.

"ఏం బావా, ఆవిడ చేత గెడ వేయించి నువ్వు జమీందారులా కూర్చున్నావు!"

"మా ఆవిడకి పని చెప్పకపోతే నా మీద పడి అరుస్తుందిరా."

"అదృష్టవంతుడివి. మా ఆవిడ పని చేస్తూ కూడా అరుస్తుంది."

ఇద్దరూ నవ్వుకున్నారు. సువర్ణ గెడతో రెండు దెబ్బలు కొట్టింది. జకరయ్య కుడికి తిప్పాడు. పిచ్చేశ్వరరావు వల గుంజ ఒకటి నీళ్ళలో నిటారుగా నిలబడి ఉంది. దానికీ పడవకీ మధ్య రెండు మూరల దూరం మిగిలింది. జకరయ్యకి ఆ గుంజ కనపడలేదు.

ఎదురుగా ఉన్నది అతనికి కనపడుతుంది. పక్కన ఉన్నది కనపడదు. అరచెయ్యి గొట్టంలా చుట్టి అందులోంచి చూస్తే ఎంత కనపడుతుందో అంత. నీటికాసులు అన్నాడు గుడివాడ కంటి డాక్టరు. పోయింది తిరిగి రాదన్నాడు. మిగిలింది నిలవాలంటే చుక్కలు మానొద్దన్నాడు. జకరయ్య చుక్కలు మానలేదు. చుక్కానీ మానలేదు.

పడవ ముప్పై అడుగుల కర్ర పడవ. దానికి ఇంజను లేదు, తెరచాప ఉంది. వెనక భాగాన తాటాకు కప్పు, దాని కింద రెండు చాపలు, నీళ్ళ క్యాన్లు, ఇసక పోసిన ఇనప పెట్టెలో గ్యాసు పొయ్యి, పాలిథిన్ కవర్లో బైబిలు. కప్పు మీద చిన్న సోలారు పలక. పదకొండేళ్ళుగా వాళ్ళ ఇల్లు అదే. చలికాలం నాలుగు నెలలు మడ అడవుల్లో పక్షుల్ని లెక్కపెట్టేవాళ్ళు ఈ పడవని అద్దెకి మాట్లాడుకుంటారు. ఇంజను చప్పుడైతే పక్షులు లేచిపోతాయి. ఆ నాలుగు నెలల పనే మిగతా ఎనిమిది నెలలు వాళ్ళని నీళ్ళ మీద ఉంచుతోంది.

ఆ మధ్యాహ్నం ఆ పక్షులవాళ్ళ దగ్గర పనిచేసే అమ్మాయి సుమ బందరు నుంచి ఫోను చేసింది. జకరయ్య స్పీకరు పెట్టాడు.

"బాబాయ్, ఈసారి నడిపేవాళ్ళకి సరంగు లైసెన్సు లేని పడవ తీసుకోవద్దని మా వాళ్ళు గట్టిగా చెప్పారు. గురువారం గిలకలదిండి హార్బర్లో పరీక్ష పెడుతున్నారట. వచ్చేయండి. మీకేంటి, కళ్ళు మూసుకుని పాసైపోతారు."

"వస్తాలేమ్మా."

ఫోను ఆగిపోయింది. సువర్ణ కత్తిపీట ముందు కూర్చుని కొయ్యంగ చేప పొలుసు తీస్తోంది. తీయడం ఆపింది.

"నా పేరు రాయిద్దాం బావా."

"దేనికి?"

"లైసెన్సుకి. పరీక్ష నేనిస్తాను."

"నీకేం తెలుసని?"

ఆవిడ అతని వైపు చూసింది. ఎటు నుంచి చూస్తే అతనికి కనపడుతుందో ఆవిడకి బాగా తెలుసు. సరిగ్గా అక్కడికి జరిగి చూసింది.

"ఏం తెలియదు. రెండేళ్ళుగా ఏం తెలియకుండానే నడిపిస్తున్నాను."

"చుక్కాని నా చేతిలో ఉంది."

"ఉంది. అది కాదన్నానా."

"నలుగురిలో నా మొహం ఎక్కడ పెట్టుకోమంటావు?"

"ఉన్నచోటే ఉంచుకో. ఎవరూ పట్టుకుపోరు."

జకరయ్య లేచి తాడు చుట్టడం మొదలుపెట్టాడు. చుట్టే ఉన్న తాడు. విప్పి మళ్ళీ చుట్టాడు. లైసెన్సు రాకపోతే పక్షుల పని పోతుంది. అది పోతే పడవ అమ్మి ఒడ్డున ఏదో గదిలో కూర్చోవాలి. ఒడ్డున తనకి చెయ్యడానికి ఏముంది? ఇది ఇద్దరికీ తెలుసు. అయినా అతను పరువు గురించే ఆలోచించాడు. సువర్ణ చేప పొలుసు పూర్తిగా తీసి, కడిగి, ఉప్పు పట్టించి మూత పెట్టింది.

"రేపు పొద్దున పోటు మీద మొగ దాటాలి. ఈ పూటే మంచినీళ్ళు నింపుకుందాం," అంది.

*

బుధవారం తెల్లవారేసరికి పడవ, ఏరు సముద్రంలో కలిసే హంసలదీవి మొగకి కాస్త లోపల లంగరేసి ఉంది. ఎగువన బ్యారేజీ గేట్లు ఎత్తి నాలుగు రోజులైంది. ఎర్రనీళ్ళు దిగుతున్నాయి. పాటు తీసి నీళ్ళు సముద్రంలోకి జారేటప్పుడు మొగలోకి వెళ్తే ఏటి నీళ్ళు ముందుకి తోస్తాయి, సముద్రం వెనక్కి తోస్తుంది, మధ్యలో పడవ నిలువునా లేస్తుంది. పోటు నిండి నీళ్ళు నిలబడే ఆ కాసేపట్లోనే దాటాలి.

ఫోనులో బందరు పోటు టైము ఏడూ పది అని ఉంది. సువర్ణ దాన్ని నమ్మలేదు. మడ కర్ర ఒకటి బురదలో గుచ్చి, దాని చుట్టూ తిరిగే నురగని చూస్తూ కూర్చుంది. నురగ లోపలికి పోయినంతసేపూ కదల్లేదు. ఏడున్నర దాటింది. నురగ కర్ర దగ్గరే ఆగి, ఎటూ పోకుండా తిరిగింది.

"లేపు," అంది.

జకరయ్య లంగరు లాగాడు. ఆవిడ తెరచాప కింది అంచుని రెండు మడతలు చుట్టి కట్టింది. గాలి దక్షిణం నుంచి ఉంది, చాప నిండుగా విప్పితే మొగలో ముక్కు నీళ్ళలోకి దిగుతుంది. మొదటి కెరటం దూరంలో విరిగిన చప్పుడు అతనికి వినపడింది. తర్వాతది, ఆ తర్వాతది. సువర్ణ గెడ గీరుతూనే ఉంది. ఆగు. ఆగు. పెద్దవి మూడు పోయాయి. గెడ ఒక్క దెబ్బ కొట్టింది.

అతను ఎడమకి తిప్పాడు. ముక్కు లేచింది, దిగింది. నీళ్ళు ఇద్దరి మీదా పడ్డాయి. పొయ్యి పెట్టెలో ఇసక తడిసింది. రెండు దెబ్బలు. కుడికి. చుక్కాని కర్ర చేతిలో బరువుగా కొట్టుకుంది. దాన్ని బిగబట్టకుండా, వదిలెయ్యకుండా, కెరటం ఎంత అడిగితే అంత ఇచ్చి మళ్ళీ లాక్కున్నాడు. ఆ పని చాలామందికి రాదు. అతని చెయ్యి ఇంకా చెడలేదు. అతని పొగరుకి ఆధారం అదొక్కటే.

మరో రెండు కెరటాలు. తర్వాత పడవ అడుగున చప్పుడు మారింది. లోతు నీళ్ళు.

సువర్ణ మడతలు విప్పింది. చాప నిండింది. గాలి అతని కుడి చెవి వెనక తగులుతోంది. అది అక్కడే తగిలేలా పట్టుకుంటే చాలు, తీరం వెంట బందరు వెళ్ళిపోవచ్చు. ఆవిడ అడుగున చేరిన నీళ్ళు డబ్బాతో తోడి పోసింది. కుండ చుట్టూ తీగ కట్టి, పొయ్యి మీద నుంచి జారకుండా బిగించి, చేపల పులుసు పెట్టింది. కంచం తెచ్చి అతనికి సరిగ్గా ఎదురుగా, అతను చూడగలిగే చోట పెట్టింది.

"ఉప్పు ఎక్కువైంది," అన్నాడు.

"సముద్రం వేసింది. నేను కాదు."

మధ్యాహ్నం రెండింటికి ఆవిడ ముక్కు మీద లేచి నిలబడింది.

"లైటుహౌసు కనపడుతోంది."

"ఆ, చూశాను," అన్నాడు జకరయ్య.

అతను చూడలేదు. అతను చూడలేదని ఆవిడకి తెలుసు. రెండేళ్ళలో ఇలాంటివి ఎన్ని మింగిందో ఆవిడకే తెలియాలి.

అప్పటికి పాటు బాగా తీసి ఉంది. గిలకలదిండి కాలవ నోటి దగ్గర ఇసక మేట. పెద్ద బోట్లే అక్కడ కూరుకుపోతాయి. వెళ్దామన్నాడు జకరయ్య. ఆవిడ వినకుండా లంగరు వేసేసింది. పోటు ఎక్కేదాకా మూడు గంటలు బయటే ఉన్నారు. వాళ్ళని దాటుకుని తొందరపడి వెళ్ళిన బోటు ఒకటి మేట మీద ఆగిపోయింది. అందులో వాళ్ళు దిగి, నడుం లోతు నీళ్ళలో తోస్తున్నారు. ఆ కేకలు జకరయ్యకి వినపడ్డాయి. ఏమైందని అడగలేదు.

*

హార్బరు రేవు మీద రేకుల షెడ్డులో చలపతిరావు అనే గుమాస్తా దరఖాస్తులు రాసుకుంటున్నాడు. బెంచీ మీద ఇద్దరు బోటువాళ్ళు కూర్చుని ఉన్నారు.

"పేరు?"

"జకరయ్యండి. పాలకాయతిప్ప నుంచి."

"తెరచాప పడవా? ఇంకా ఉన్నాయా అవి! మ్యూజియంలో పెట్టాల్సినవి."

"నా పేరు కూడా రాయండి," అంది సువర్ణ. "పరీక్ష ఇద్దరికీ పెట్టండి."

చలపతిరావు కలం ఆపి కళ్ళజోడు పైనుంచి చూశాడు.

"నీకెందుకమ్మా? డాక్టరు గారి భార్యని డాక్టరమ్మ అంటాం. ఈయన సరంగైతే నువ్వు సరంగమ్మవి కావూ? పరీక్ష లేకుండానే పాసైపోయావు."

బెంచీ మీద ఇద్దరూ నవ్వారు. జకరయ్య కూడా నవ్వాడు.

ఆ నవ్వు అతన్ని ఎవరూ అడగలేదు. అతనే ఇచ్చాడు. మొగలో ఆ పొద్దునే తన ప్రాణం ఆవిడ గెడ చివర ఉంది. ఆ సంగతి మర్చిపోయి నవ్వాడనడానికి లేదు. గుర్తుండే నవ్వాడు.

"రేపు ఎనిమిదింటికి," అన్నాడు చలపతిరావు. "పడవలో మీరు, ఇన్‌స్పెక్టరు గారు, అంతే. కాలవలో ఎర్ర జెండా దాకా వెళ్ళి తిప్పుకుని రావాలి. కుటుంబం ఒడ్డునే ఉండాలి."

బయటికి వచ్చాక సువర్ణ రేవు కట్ట మీద నడవడం మొదలుపెట్టింది. వంటకి వెళ్ళలేదు. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగింది.

"రా. లెక్క నేర్చుకుందువుగాని."

కాలవ పొడుగునా పడవ పోయేంత వేగంతో నడిపించింది. "ఇక్కడ ఐసు మర చప్పుడు. కుడి చెవికి వినపడుతుంది. చప్పుడు చెవి దాటాక నూట ఇరవై లెక్కపెట్టు. ఆ తర్వాత ఎండుచేపల వాసన. వాసన రాగానే కాస్త ఎడమకి. అక్కణ్ణుంచి ఎనభై. ఎర్ర జెండా నీకు ఎదురుగా వస్తుంది. అది కనపడుతుంది నీకు. అక్కడ తిప్పు. గాలి రేపు పొద్దున కూడా దక్షిణమే ఉంటుంది. వెళ్ళేటప్పుడు కుడి చెంపకి, వచ్చేటప్పుడు ఎడమ చెంపకి."

వెనక్కి నడిపించింది. మళ్ళీ ముందుకి. మూడు సార్లు.

"కోపం వచ్చిందా?" అన్నాడు మూడోసారి.

"మాట్లాడితే అంకె తప్పుతావు. లెక్కపెట్టు."

అతను లెక్కపెట్టాడు.

*

గురువారం ఎనిమిదింటికి పోటు నిండి కాలవ అద్దంలా నిలబడి ఉంది. ఇన్‌స్పెక్టరు వీరేంద్ర ముప్పై ఏళ్ళు దాటనివాడు. నారింజ రంగు లైఫ్ జాకెట్ వేసుకుని వచ్చి, ముక్కు మీద సువర్ణ కూర్చునే చోట కూర్చున్నాడు. జకరయ్యకి ఎదురుగా అతని వీపు ఒక్కటే కనపడింది.

"ఎర్ర జెండా దాకా వెళ్ళి తిప్పుకుని రండి. అంతే."

జకరయ్య చాప ఎత్తాడు. గాలి కుడి చెంపకి తగిలింది. ఐసు మర చప్పుడు ముందు నుంచి పక్కకి, పక్క నుంచి వెనక్కి జరిగింది. ఒకటి, రెండు, మూడు. ఎవరూ గెడ కొట్టడం లేదు. రెండేళ్ళలో మొదటిసారి పడవ పూర్తిగా అతని చేతిలో ఉంది. భయం వేసింది. ఆ వెంటనే హాయిగా అనిపించింది. తన పడవ. తన చెయ్యి. డెబ్బై, డెబ్బై ఒకటి.

డెబ్బై రెండు దగ్గర ఎడమ పక్క నుంచి ఎవరో "ఓయ్! ఓయ్!" అని అరిచారు. ఒడ్డున ఎవరో ఎవర్నో పిలుస్తున్నారనుకున్నాడు. తెడ్లు గబగబా నీళ్ళని కొట్టిన చప్పుడు. పడవ ఎడమ చెక్కకి ఏదో రాసుకుపోయింది. అంకె తప్పకూడదు. డెబ్బై ఏడు, డెబ్బై ఎనిమిది. చుక్కాని కదిలించలేదు.

ఎండుచేపల వాసన వచ్చింది. ఎడమకి. ఎనభై. ఎర్ర జెండా ఎదురుగా వచ్చింది. తిప్పాడు. చాప ఒకసారి కొట్టుకుని రెండో వైపు నిండింది. వెనక్కి వచ్చి, చాప దింపి, పడవని రేవు రాళ్ళకి ఆకు తగిలినంత మెత్తగా ఆనించాడు.

వీరేంద్ర లేచి చెయ్యి చాచాడు. జకరయ్యకి ఎదురుగానే చాచాడు గనక అతను అందుకున్నాడు.

"మధ్యలో ఆ నాటుపడవ అడ్డం వచ్చినప్పుడు నేనే బిగుసుకుపోయాను. మీరు కనీసం కదల్లేదు. తెరచాప పడవకే దారి, వాళ్ళే తప్పుకోవాలి. రూలు తెలిసినవాళ్ళు కూడా ఆ టైములో తడబడతారు. ఏం నిబ్బరమండీ మీది!"

జకరయ్యకి డెబ్బై రెండు దగ్గర వినపడిన అరుపు గుర్తొచ్చింది.

"చలపతిరావు గారూ, రిజిస్టరు తెండి. సంతకం పెట్టించండి."

రిజిస్టరు వచ్చింది. కలం చేతికొచ్చింది. అప్పుడు రేవు మెట్ల మీంచి ఒక ఆడమనిషి అరుచుకుంటూ వచ్చింది. చిలకమ్మ. కాలవ అవతల నుంచి రోజూ రొయ్యలు పట్టి తెచ్చి అమ్ముకునే మనిషి. చీర నడుం దాకా తడిసి ఉంది.

"ఏడీ ఆ ముసలాడు? కళ్ళు కనపడట్లేదా నీకు? అంత అరిచినా మీదికొచ్చేస్తావా? తప్పుకోబోతే నా తట్ట నీళ్ళపాలైంది! మూడు గంటలు బురదలో వంగి పట్టిన రొయ్యలు!"

"నువ్వు నోరు ముయ్యి," అన్నాడు చలపతిరావు. "పరీక్ష జరుగుతుంటే కాలవకి అడ్డం రమ్మని ఎవరు చెప్పారు? సారు పడవలో ఉన్నారు, తెలుసా? ఏదన్నా అయితే?"

"ఏదన్నా అయ్యేది నాకు! సారుకి జాకెట్ ఉంది. నాకేముంది?"

"లైసెన్సు ఉందా నీకు?" అన్నాడు వీరేంద్ర.

ఆ ప్రశ్న చిలకమ్మని ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

"లైసెన్సు లేని పడవ. దారి తెలియని మనిషి. పడవ కట్టించేయండి చలపతిరావు గారూ. వారం రోజులు."

"వారమా! నా పడవ కట్టేస్తే నేనేం తినాలి బాబూ? నేను నా దారిన వస్తున్నాను. ఆయనే..."

"ఆయన పద్ధతి ప్రకారం నడిపారు. నేను చూశాను."

జకరయ్య చేతిలో కలం అలాగే ఉంది. ఒక్క సంతకం. శీతాకాలం పని, పడవ, పరువు, అన్నీ ఆ గీత మీద ఉన్నాయి. చిలకమ్మ ఏడుపు అతనికి ఎడమ పక్క నుంచి వినపడుతోంది. మనిషి కనపడటం లేదు. మెడ తిప్పితే కనపడింది. తడిసిన చీర, ఖాళీ చేతులు. సువర్ణ వయసే ఉంటుంది.

"ఆవిడ తప్పు లేదండి," అన్నాడు.

"మీరు ఊరుకోండి, మీ మంచితనం..."

"మంచితనం కాదండి. నేను ఆవిణ్ణి చూడలేదు."

"చూడకపోవడమేంటి? పది అడుగుల దూరంలో వచ్చింది."

"నాకు పక్కవి కనపడవండి."

వీరేంద్ర తన కుడి చెయ్యి పక్కకి చాపి వేళ్ళు ఆడించాడు.

"నా చెయ్యి కనపడుతోందా?"

"ఏ చెయ్యండి?" అన్నాడు జకరయ్య.

రేవు మీద ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు. జకరయ్య కలం రిజిస్టరు మీద పెట్టాడు.

"రెండేళ్ళుగా పడవ నడిపేది మా ఆవిడండి. నేను చుక్కాని పట్టుకుంటాను. అంతే."

*

సువర్ణ జనంలోంచి వచ్చి అతని భుజం పట్టుకుని పక్కకి లాగింది. గొంతు తగ్గించి మాట్లాడింది.

"ఎవరడిగారు నిన్ను? రెండేళ్ళు నీ పరువు మోశాను. కింద పడేసేముందు నాకొక్క మాట చెప్పొద్దా?"

"తప్పే."

"నిన్న నవ్వావు. ఇవాళ నిజం చెప్పావు. రెండూ నన్ను అడక్కుండానే."

"తప్పే సువర్ణా. నిన్నటిది కూడా."

ఆ మాట అతని నోట వినడం ఆవిడకి అలవాటు లేదు. ఏం చెయ్యాలో తెలియక కొంగుతో మొహం తుడుచుకుంది.

అవతల వీరేంద్ర లైఫ్ జాకెట్ విప్పలేక లాగుతున్నాడు. "ఇంతసేపు నన్ను చూపులేని మనిషి పడవలో కూర్చోబెట్టారా! దరఖాస్తు కొట్టేయండి. ఇద్దరి పడవలూ కట్టించేయండి."

"జాకెట్ ఉంచుకోండి సార్," అంది సువర్ణ. "నన్ను పరీక్ష చెయ్యండి."

"ఇప్పుడా?"

"పొద్దున ఆయన్ని పరీక్ష చేసినప్పుడు నీళ్ళు నిలబడి ఉన్నాయి. పిల్లలు కూడా నడుపుతారు. ఇప్పుడు పాటు తీస్తోంది. ఇంకో గంటకి గాలి తూర్పుకి తిరుగుతుంది. అప్పుడు ఎక్కండి. అది పరీక్ష."

"ఆడవాళ్ళకి రూలు ఒప్పుకోదమ్మా," అన్నాడు చలపతిరావు.

"ఏ రూలు?" అన్నాడు వీరేంద్ర. కోపం ఇంకా తగ్గలేదు, అది ఎవరి మీద చూపించాలో తేలక చలపతిరావు మీదకి తిరిగింది. "ఆ కాగితం ఇలా తెండి."

కాగితం తెచ్చారు. వీరేంద్ర పై నుంచి కిందికి చదివాడు. రెండోసారి చదివాడు.

"పద్దెనిమిదేళ్ళు నిండాలి. ఈత రావాలి. చూపు బాగుండాలి. మగవాళ్ళే అని ఎక్కడుందండీ?"

"అడిగిన ఆడవాళ్ళు లేరు కదండీ మరి," అన్నాడు చలపతిరావు.

"నిన్న అడిగాను," అంది సువర్ణ.

చలపతిరావు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

పదకొండింటికి పడవ రేవు వదిలింది. జకరయ్య ఒడ్డున నిలబడ్డాడు. తన పడవ తనని వదిలి వెళ్ళడం అతనికి కొత్త. చాప కాసేపు కనపడి గొట్టంలోంచి జారిపోయింది. మెడ అటూ ఇటూ తిప్పి వెతికాడు. దొరకలేదు. పక్కన తడిచీర వాసన తగిలింది.

"ఎటు చూస్తున్నావయ్యా? అటు కాదు," అంది చిలకమ్మ.

"ఎక్కడుంది?"

"నా రొయ్యల మీద నుంచి పోతోంది."

"చెప్పమ్మా. నీకు పుణ్యం ఉంటుంది."

"పుణ్యం కూర వండుకుంటానా?" అంది గానీ చెప్పింది. "కాలవ మధ్యలో ఉంది. గాలికి ఎదురెళ్తోంది. అటు ఒడ్డు దాకా ఏటవాలుగా పోతోంది. గుద్దేస్తుంది... అయ్యో... ఆ, తిప్పేసింది. ఇప్పుడు ఇటొస్తోంది."

చాప దడదడా కొట్టుకున్న చప్పుడు జకరయ్యకి వినపడింది. ఆగిపోయింది. అంటే అవతలి వైపు నిండింది. ఆవిడ చుక్కాని ఎక్కువ తోయలేదు, ఎక్కువ తోస్తే ఆ చప్పుడు ఇంకాసేపు ఉండేది. తను చేసినా అంతకన్నా బాగా చెయ్యడు. అది ఒప్పుకోవడానికి అతనికి కాస్త టైము పట్టింది.

"మళ్ళీ అటు పోతోంది. మళ్ళీ ఇటు. ఎన్నిసార్లు తిరుగుతుందయ్యా మీ ఆవిడ?"

"ఎదురుగాలికి అంతే. జెండా దాటిందా?"

"దాటింది. తిరిగొస్తోంది. ఉండు... ఆ సారు నీళ్ళ క్యాను తీసి కాలవలో పారేశాడు! పిచ్చా ఏంటి?"

మనిషి పడిపోయాడనుకుని తీసుకురమ్మంటున్నాడు. జకరయ్యకి అర్థమైంది. తనకి పెట్టని పరీక్ష ఆవిడకి పెడుతున్నాడు. పాటు లాగుతోంది. క్యాను నిమిషానికి ఇరవై గజాలు పోతుంది. నేరుగా దాని మీదికి వెళ్తే పడవ దాన్ని దాటిపోతుంది. క్యానుకి దిగువకి వెళ్ళి, గాలికి ఎదురు తిరిగి, చాప వదిలేసి, పడవ దానంతటది ఆగేలా చెయ్యాలి. అతను పిడికిళ్ళు బిగించాడు.

"క్యానుని వదిలేసి పక్కకి పోతోందయ్యా! చూడలేదేమో!"

"చూసింది. చూస్తూ ఉండు."

చాప మళ్ళీ దడదడలాడింది. ఈసారి ఆగలేదు. కావాలనే వదిలేసింది.

జకరయ్య చిలకమ్మ వైపు మెడ తిప్పాడు.

"ఏమైంది? చెప్పమ్మా!"

"వంగింది," అంది చిలకమ్మ నెమ్మదిగా. "ఒక్క చేత్తో చుక్కాని పట్టుకుని, రెండో చేత్తో తీసింది. పడవ అలా నిలబడి ఉంది. కట్టేసినట్టు." తర్వాత తనలో తను అనుకున్నట్టు, "నాకెవరన్నా అలా నేర్పిస్తే నేనూ లైసెన్సుకి పెట్టుకోనా," అంది.

పడవ రేవుకి వచ్చింది. వీరేంద్ర దిగాడు. ప్యాంటు మోకాళ్ళ దాకా తడిసి ఉంది. నేరుగా షెడ్డులోకి వెళ్ళి, కుర్చీలో కూర్చుని, రిజిస్టరు తన ముందుకి లాక్కున్నాడు. జకరయ్య అని ఉన్న వరస కొట్టేశాడు. కింద వరసలో సువర్ణ పేరు తనే రాశాడు.

"కార్డు పది రోజుల్లో వస్తుంది. అప్పటిదాకా ఈ కాగితం చూపించండి." తర్వాత చిలకమ్మ వైపు చూశాడు. చూపు ఎక్కువసేపు నిలపలేకపోయాడు. "ఆవిడ పడవ వదిలేయండి చలపతిరావు గారూ."

"రొయ్యలో?" అంది చిలకమ్మ.

సువర్ణ పడవలోకి వెళ్ళి తమ తట్టా, తిప్పమీద పట్టి ఎండబెట్టుకున్న సావడాయి చేపల మూటా తెచ్చి ఇచ్చింది. చిలకమ్మ మూట విప్పి వాసన చూసి, ఉప్పు సరిపోలేదని చెప్పి తీసుకుంది.

*

శుక్రవారం పొద్దున పోటు నిండేవేళకి రేవంతా బోట్లు. ఐసు దింపుతున్నారు, వలలు సర్దుతున్నారు. నిన్నటి సంగతి అప్పటికే అందరికీ చేరింది. జకరయ్య లంగరు తాడు చుట్టి, ముందుకి నడిచి, తెరచాప కొయ్య దగ్గర నిలబడ్డాడు. తాళ్ళు చూపుతో పనిలేకుండా చేతికి తెలుస్తాయి. ఏది ఎంత బిగువుగా ఉందో వేళ్ళతో చూసుకున్నాడు. వెనక చుక్కాని దగ్గర సువర్ణ కూర్చుంది. ఆవిడ కోపం పోలేదు. ఒక్క రోజులో పోవాల్సిన కోపం కాదది. కాఫీ మాత్రం రెండు గ్లాసుల్లో పోసింది.

పక్క బోటు మీంచి ఒకడు చూస్తున్నాడు. దాని పక్క బోటు మీంచి ఇద్దరు.

"చాప తాడు లాగు బావా," అంది సువర్ణ.

చిన్న గొంతుతో అంది. అతనికి మాత్రమే వినపడేంత. జకరయ్యకి చెవులు బాగానే పనిచేస్తాయి.

"ఏంటీ?" అన్నాడు.

"తాడు లాగు."

"వినపడట్లేదు. గట్టిగా చెప్పు."

సువర్ణ అతని వీపు వైపు చూసింది. తర్వాత రేవు వైపు, బోట్ల మీద ఆగిపోయిన చేతుల వైపు చూసింది. గొంతు సవరించుకుంది.

"చాప తాడు లాగవయ్యా జకరయ్యా!"

పెళ్ళైన ముప్పై ఏళ్ళలో ఆవిడ నోట అతని పేరు రాలేదు. రేవు మీద ఐసు మోసేవాళ్ళు కూడా తల తిప్పారు. ఎవరో ఈల వేశారు.

"లాగుతున్నా," అని అందరికీ వినపడేలా అరిచి, జకరయ్య రెండు చేతులా తాడు లాగాడు. చాప పైకి లేచింది.